సెలవంటే ఊరేనా?

దసరా దగ్గర పడుతోందంటే భిలాయ్ క్యాంప్ 1లోని తెలుగు ఇళ్లలో మొదట వినిపించే ప్రశ్న కొత్త బట్టల గురించి కాదు, రైలు టికెట్ల గురించి. 'ఊరికి దొరికాయా?' ఊరంటే పార్వతీపురం కావచ్చు, బొబ్బిలి కావచ్చు, శ్రీకాకుళం పక్కనున్న ఏ పల్లెయినా కావచ్చు. రైల్వే శాఖ 2024 నవంబర్ 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు కుదించాక ఈ ఆరాటం జూన్ నుంచి ఆగస్టుకు జరిగింది. అంతకు మించి ప్రశ్నలో మార్పేమీ లేదు.

మార్పు వస్తున్నది జవాబులో. అక్కడి ఒక మూడు తరాల ఇంటిని ఊహించుకోండి. తాత 1960లలో పని వెతుక్కుంటూ వచ్చి ప్లాంటులో చేరి రిటైరైనవాడు. కొడుకు అదే ప్లాంటులో షిఫ్టులు చేస్తున్నాడు. మనవరాలికి రాయపూర్‌లో ఉద్యోగం. 'తాతా, ఈసారి ఊరు వద్దు, ఎక్కడికైనా వెళ్దాం' అంటుందామె. 'ఊరు వెళ్లకపోతే సెలవెందుకే?' అంటాడు తాత. ఇద్దరి మాటా సబబే. మధ్యలో నలిగేది కొడుకు. సెలవు చీటీ రాయాల్సింది అతడే మరి.

ఈ తగవు చిన్నదిగా కనిపిస్తుంది కానీ చిన్నది కాదు. ఏడాదికి దొరికే నాలుగైదు సెలవు రోజులు ఎక్కడ గడపాలన్న ప్రశ్న వెనక, ఏ నేలను తమదనుకోవాలన్న ప్రశ్న ఉంది.

పేరుకే క్యాంపు

క్యాంపు అంటే తాత్కాలికం. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, అప్పటి దుర్గ్ జిల్లా పల్లెల మధ్య ఉక్కు కర్మాగారం కట్టడం మొదలైనప్పుడు కూలీలు తలదాచుకోవడానికి వెలిసినవే క్యాంపులు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఫర్నేస్ మండింది, పట్టాలు తయారయ్యాయి, సెక్టార్లలో క్వార్టర్లు లేచాయి. క్యాంపు మాత్రం పేరు మార్చుకోకుండానే పక్కా బస్తీ అయింది.

ఉత్తరాంధ్ర జనం ఇక్కడికి చేరడం వెనక ఒక రైలు మార్గం ఉంది. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్‌కు వేసిన లైను 1931లో పూర్తయింది. కొండల గుండా సాగే ఆ లైను లేకపోతే నాగావళి ఒడ్డు రైతు కూలీకి శివ్‌నాథ్ ఒడ్డు పేరు కూడా తెలిసేది కాదు. వచ్చినవారు తెచ్చుకున్నది ఒక పెట్టె, నాలుగు వంటపాత్రలు, ఊరి తేదీలు. పండుగ ఎప్పుడు, జాతర ఎప్పుడు, కోతలెప్పుడు అన్నదే వారి క్యాలెండర్. అందుకే తొలి తరానికి విహారయాత్ర అనే మాట అక్కర్లేకపోయింది. సెలవు దొరికితే ఊరు. లేకపోతే ఇల్లు.

పైగా ఉక్కు పట్టణంలో వారాంతం అన్నది ఒక మర్యాద మాట మాత్రమే. బ్లాస్ట్ ఫర్నేస్‌కు ఆదివారం ఉండదు. మూడు షిఫ్టుల మనిషికి వీక్లీ ఆఫ్ ఏ బుధవారమో రావచ్చు. పిల్లల బడికి సెలవున్న రోజు తండ్రి రాత్రి షిఫ్టు ముగించుకుని నిద్రపోతుంటాడు. అన్నీ కలిసివచ్చే రోజులు దసరా నుంచి కార్తీక పున్నమి దాకా ఉన్న ఆ నెలలోనే కాసిని దొరుకుతాయి. వానలు వెనక్కి తగ్గి, వరి పొట్టకొచ్చి, ఎండ కాస్త మెత్తబడే కాలం. కర్మాగారపు పొగ వెనక ఆకాశం నీలంగా ఉంటుందని గుర్తొచ్చే కాలం కూడా అదే.

ఊరు దాటకుండానే

భిలాయ్‌ను మినీ ఇండియా అనడం అక్కడివారికి అలవాటు. ఆ మాట అతిశయోక్తి కాదని దసరా రోజుల్లో తెలుస్తుంది. సెక్టార్ 6 కాళీబాడీలో బెంగాలీల దుర్గాపూజ. సెక్టార్ 5 బాలాజీ ఆలయం దగ్గర తెలుగు మాట. సెక్టార్ 4లో ఒడియావారి జగన్నాథుడు. విజయదశమి సాయంత్రం మైదానాల్లో రావణ దహనం. ఒక స్కూటర్, ఒక లీటరు పెట్రోలు, ఒక సాయంత్రం ఉంటే నాలుగు రాష్ట్రాల పండుగ చూసి రావచ్చు. పెద్ద నగరాల్లో దీనికోసం ట్రాఫిక్‌లో గంటలు పోసుకోవాలి.

పిల్లలున్న ఇంటికి మైత్రీబాగ్ ఎలాగూ ఉంది. భారత, సోవియట్ స్నేహానికి గుర్తుగా స్టీల్ ప్లాంటు 1972లో ఏర్పాటు చేసిన ఈ తోట, జంతుప్రదర్శనశాల మూడు తరాలకు ఒకే ఫోటోను ఇచ్చింది: తెల్లపులి ఎన్‌క్లోజర్ ముందో, బొమ్మరైలు దగ్గరో నిలబడ్డ కుటుంబం. ఆ స్నేహంలో ఒక దేశం 1991లో పటం మీద నుంచి మాయమైంది. తోట మిగిలింది. సివిక్ సెంటర్‌లోని నెహ్రూ ఆర్ట్ గ్యాలరీకి మాత్రం ఇంత అదృష్టం లేదు. అక్కడికి వెళ్లే గుంపు తక్కువ. నిశ్శబ్దంగా ఒక గంట గడపాలనుకునేవారికి అదే దాని గొప్ప.

ఇంకాస్త దూరమైతే రాయపూర్. 1875లో మొదలైన మహంత్ ఘాసీదాస్ మ్యూజియం, దాని పక్కనే ఛత్తీస్‌గఢీ తిండి పెట్టే గఢ్ కలేవా. అక్కడ చీలా వడ్డించినప్పుడు తెలుగు తాత ఆశ్చర్యపోనక్కర్లేదు. అది మన బియ్యప్పిండి అట్టుకు దగ్గర చుట్టం. ఫరా అంటే బియ్యప్పిండిని వేళ్లంత పొడుగున ఒత్తి ఆవిరి మీద ఉడికించిన వంటకం. అరవై ఏళ్లు పక్కపక్కన ఉండి కూడా పక్కింటి పొయ్యి మీద ఏముందో అడగలేదన్న సంగతి ఆ బల్ల దగ్గర కూర్చుంటే తెలుస్తుంది.

వెయ్యి మెట్ల దూరం

ఒక్క రోజు సెలవుంటే భిలాయ్ జనం ముందుగా తలచేది డోంగర్‌గఢ్. దుర్గ్ నుంచి రైల్లో సుమారు 60 కిలోమీటర్లు. కొండ మీద బమ్లేశ్వరీ అమ్మవారు, ఎక్కడానికి వెయ్యికి పైగా మెట్లు. ఆశ్వయుజ, చైత్ర నవరాత్రులు రెండింటికీ మేళా జరుగుతుంది. ఆ రోజుల్లో మామూలుగా ఆగని రైళ్లను కూడా అక్కడ ఆపుతారు. హైవే మీద రాత్రంతా కాలినడకన వెళ్లే భక్తులు, వారికోసం దారి పొడవునా షామియానాలు, టీ, ఉప్మా, కాళ్లకు వేడినీళ్లు. రోప్‌వే ఉంది కానీ 2025 ఏప్రిల్‌లో దాని ట్రాలీ ప్రమాదానికి గురై కొందరు గాయపడ్డారు. మోకాళ్లు సహకరించేవారికి మెట్లే మేలు. పైనుంచి చూస్తే చెరువు, పట్టాలు, చుట్టూ కొండలు. కొండ దిగాక ఓపికుంటే ప్రజ్ఞాగిరి మీది బుద్ధుడినీ, జైన ఆచార్యుడు విద్యాసాగర్ మహరాజ్ 2024 ఫిబ్రవరిలో సల్లేఖనంతో దేహం విడిచిన చంద్రగిరినీ చూడవచ్చు. మూడు మతాల కొండలు ఒకే ఊళ్లో ఉన్నాయి.

అక్కడికి దగ్గర్లోనే ఖైరాగఢ్ ఉంది. గుడికి వెళ్లినవారిలో నూటికి తొంభై మంది అటు వెళ్లరు. వెళ్లాల్సిన చోటది. ఆ సంస్థానాన్ని ఏలిన బీరేంద్ర బహదూర్ సింగ్, పద్మావతీ దేవి దంపతులు చిన్న వయసులో పోయిన కూతురు ఇందిర జ్ఞాపకార్థం తమ రాజభవనాన్నే సంగీతానికి, కళలకు ఇచ్చేశారు. 1956లో అక్కడ ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయం మొదలైంది. రాజు నివసించిన గదుల్లో ఇప్పుడు పిల్లలు తబలా సాధన చేస్తారు. కూతుళ్లను పోగొట్టుకున్న రాజులు ఎందరో గుళ్లు కట్టించారు. ఇల్లు ఖాళీ చేసి బడికి ఇచ్చినవారు అరుదు.

పక్కింటి భారతం

ఊరు వదిలి వచ్చినవాడికి బుర్రకథ మీద బెంగ ఉంటుంది. భుజాన తంబూర, కథకుడికి రెండువైపులా వంతలు, ఒకరు కథ చెబుతుంటే మరొకరు ఊకొడుతూ ఎదురు ప్రశ్న వేయడం. ఆ బెంగను తీర్చేది భిలాయ్‌కి సుమారు 14 కిలోమీటర్ల దూరంలోని గనియారిలో పుట్టింది. పేరు తీజన్ బాయి. చేతిలో తంబూర పట్టుకుని ఆమె పండవానీ పాడుతుంటే అదే తంబూర ఒక క్షణం భీముడి గద, మరు క్షణం అర్జునుడి విల్లు. పక్కన రాగీ అనే సహగాయకుడు ఊకొడుతూ కథను ముందుకు తోస్తాడు. తెలుగు శ్రోతకు భాష సగమే అర్థమైనా ఆట పూర్తిగా అర్థమవుతుంది. కథ ఎలాగూ భారతమే.

పండవానీలో రెండు దారులున్నాయి. కూర్చుని పాడేది వేదమతి, నిలబడి అభినయిస్తూ పాడేది కాపాలిక. ఆడవాళ్లు కూర్చునే పాడాలన్న కట్టుబాటు ఉన్న రోజుల్లో తీజన్ బాయి నిలబడి పాడారు. పదమూడేళ్ల వయసులో దగ్గరి పల్లె చంద్రఖురిలో ఆమె తొలి ప్రదర్శనకు ముట్టింది పది రూపాయలు. తర్వాత హబీబ్ తన్వీర్ కంట పడ్డారు, దేశదేశాలు తిరిగారు, 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ అందుకున్నారు. భిలాయ్ స్టీల్ ప్లాంటు ఆమెకు ఉద్యోగమిచ్చింది. అంటే క్యాంప్ 1 నుంచి ప్లాంటుకు సైకిల్ మీద వెళ్లిన తెలుగు కార్మికుడికీ, పారిస్‌లో భారతం చెప్పివచ్చిన తీజన్ బాయికీ జీతమిచ్చిన సంస్థ ఒకటే. ఆమె శిష్యరికం చేసిన భిలాయ్ కళాకారిణి ఉషా బార్లేకు 2023లో పద్మశ్రీ వచ్చింది.

దసరా దాటి దీపావళి దాకా మరొకటి చూడవచ్చు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో, భిలాయ్ చుట్టుపక్కల బస్తీల్లో కూడా, ఆడవాళ్లు బుట్టలో ధాన్యం పోసి, దాని మీద మట్టి చిలుకను నిలిపి, బుట్టను మధ్యలో పెట్టి చుట్టూ వంగి లేస్తూ చప్పట్లు కొడుతూ పాడతారు. ఇది సువా నాచ్. సువా అంటే చిలుక. చిలుక బదులు పూలు పేర్చితే తెలంగాణ ఆడపడుచులకు వేరే పరిచయం అక్కర్లేదు. దీపావళి రాత్రి గౌరా గౌరీల మట్టి బొమ్మలకు పెళ్లి చేసి ఊరేగిస్తారు. ఇక్కడా గౌరమ్మే, ఇక్కడా మట్టే, ఇక్కడా నీళ్లలో కలపడమే. రెండు నేలలకూ శరత్తు వస్తే పాడాలనిపించడం ఒకేలా ఉంది.

ఉసిరి చెట్టు వెతకండి

కార్తీకం వస్తే తెలుగువాడికి వనభోజనం కావాలి. అందుకు ఒక చెట్టు, నీళ్లు, పులిహోర గిన్నె చాలు. భిలాయ్ నుంచి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో బాలోద్ దగ్గర తాండులా జలాశయం ఉంది. ఉక్కు కర్మాగారానికి నీళ్లిచ్చే వనరుల్లో అదొకటి. ఇన్నేళ్లుగా జీతం ఇచ్చిన కొలిమిని చల్లార్చిన నీటిని ఒడ్డున కూర్చుని చూడటం మంచి విహారమే. ఇంకొంచెం సమయముంటే ధమ్‌తరి దగ్గర మహానది మీద గంగ్రేల్ ఆనకట్ట, పడవ షికారు. పిట్టల మీద సరదా ఉన్నవారు చలి ముదిరేదాకా ఆగి బెమెతరా జిల్లా గిధ్వా, పర్సదా చెరువులకు వెళ్లాలి. 2021లో రాష్ట్రంలో తొలి పక్షుల పండుగ జరిగింది అక్కడే.

రెండు రోజులు కలిసివస్తే దారులు పెరుగుతాయి. కవర్ధా నుంచి 18 కిలోమీటర్ల దూరంలో, మైకల్ కొండల పాదాల దగ్గర భోరమ్‌దేవ్ శివాలయం. 11వ శతాబ్దపు శిల్పం. మహానది ఒడ్డున సిర్పూర్. భర్తను కోల్పోయిన రాణి వాసట 7వ శతాబ్దంలో కట్టించిన లక్ష్మణ ఆలయం ఇటుకలతో కట్టినది. పదమూడు వందల ఏళ్లుగా నిలిచే ఉంది. చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ ఆ ప్రాంతానికి వచ్చాడు. క్యాంప్ 1 నుంచి వెళ్లడానికి బద్ధకించేవారు ఆయన నడిచిన దూరం తలచుకోవాలి.

నాలుగు రోజులుంటే బస్తర్. జగదల్‌పూర్‌లో దసరా 75 రోజుల పండుగ. అందులో రావణ దహనం లేదు. దంతేశ్వరీ అమ్మవారిదే మొత్తం వేడుక. ఆ రాజవంశం మూలపురుషుడు అన్నమదేవుడు ఓరుగల్లు ప్రతాపరుద్రుడి తమ్ముడని చెబుతారు. 2022 జూలైలో వరంగల్‌లో కాకతీయ ఉత్సవాలు జరిపినప్పుడు బస్తర్ నుంచి కమల్‌చంద్ర భంజ్‌దేవ్‌ను ముఖ్య అతిథిగా పిలిచారు. భిలాయ్ తెలుగువారి కంటే ఆరు వందల ఏళ్లు ముందే ఇటువైపు వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబం ఒకటుందన్న మాట. ఆయనకు మాత్రం సెలవు చీటీ రాసే బాధ లేకపోయింది.

ఇక నవంబర్ 1. ఆ రోజు ఛత్తీస్‌గఢ్‌కు రాజ్యోత్సవం. 2000లో రాష్ట్రం పుట్టిన తేదీ. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించిన తేదీ కూడా అదే. క్యాంప్ 1 తెలుగు కుటుంబానికి పుట్టినింటి పండుగా, మెట్టినింటి పండుగా ఒకే రోజున పడ్డాయి. ఏది జరుపుకోవాలన్న పేచీ లేదు.

ఎనిమిది గంటల ఊరు

మరి తాత మాటో? అతడి ఊరు ఇప్పుడు మునుపటి కంటే దగ్గరైంది. 2024 సెప్టెంబర్‌లో దుర్గ్, విశాఖపట్నం మధ్య వందేభారత్ మొదలైంది. తెల్లవారుజామున దుర్గ్‌లో ఎక్కితే రాయగడ, పార్వతీపురం, విజయనగరం మీదుగా మధ్యాహ్నానికి విశాఖ. సుమారు 8 గంటల ప్రయాణం. ఒకప్పుడు వారం సెలవు, పరుపు చుట్ట, మంచినీళ్ల కూజా కావాల్సిన దారి ఇప్పుడు మూడు రోజుల్లో ముగుస్తుంది. ఊరు కూడా ఒక వారాంతపు మజిలీ అయిపోయింది.

అయితే దగ్గరైనది దూరమే, ఊరు కాదు. తాతను గుర్తుపట్టేవారు ఏటా ఒకరిద్దరు తగ్గుతారు. అన్నదమ్ముల పిల్లలు విశాఖలో, హైదరాబాద్‌లో ఉంటారు. ఇంటికి తాళం, తాళంచెవి పక్కింట్లో. మనవరాలికి అక్కడ మాట్లాడటానికి తెలుగు తడుముకోవాల్సి వస్తుంది. 'ఎవరమ్మాయివే?' అని అడిగితే తండ్రి పేరు చెప్పి లాభం లేదు, తాత పేరు చెప్పాలి. అందుకే ఆమె ఊరు వద్దంటుంది. అందుకే ఆయన వెళ్లాలంటాడు. తన పేరు గుర్తున్న ఒక్కరైనా ఉండగానే మనవరాలిని అక్కడ చూపించాలని ఆయన తొందర.

రాజీకి ఒక తేదీ ఉంది. విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది. 2025లో దసరా అక్టోబర్ 2న, సిరిమాను 7న వచ్చాయి. అంటే కాళీబాడీ పూజ, డోంగర్‌గఢ్ మెట్లు, మైదానంలో రావణుడు అన్నీ ఇక్కడ చూసుకుని, ఆ తర్వాతే రైలెక్కవచ్చు. పొడవాటి సిరిమాను కొసన పూజారి కూర్చుని గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంటే, అరటిపళ్లు విసిరే లక్షల జనంలో మనవరాలు కూడా తల ఎత్తి చూస్తుంది. ఆ వీధిలో ఎవరూ ఆమెను ఎవరమ్మాయివని అడగరు. జాతరలో అందరూ పరాయివారే, అందరూ ఊరివారే.

విహారం మనసుకు తీరుబడి కోసమే. కానీ వలస వచ్చినవారి ఇంట్లో అది లెక్క సరిచూసుకునే పని కూడా. పుట్టిన నేల బాకీ ఒకటి, తిండి పెట్టిన నేల బాకీ ఒకటి. తొలి తరం మొదటి బాకీనే తీరుస్తూ వచ్చింది. అరవై ఏళ్లుగా సెలవులన్నీ ఊరికే ఇచ్చింది. గనియారి సుమారు 14 కిలోమీటర్లలో ఉన్నా వెళ్లలేదు. మూడో తరం రెండో బాకీ తీరుస్తానంటోంది. తప్పు లేదు. కాకపోతే తాతను వెంట తీసుకెళ్లాలి. సువా ఆటను చూసి ఇది మన దగ్గరా ఉందని చెప్పగలిగేదీ, తీజన్ బాయి తంబూర చూసి బుర్రకథ గుర్తుచేయగలిగేదీ ఆయనొక్కడే. ఆయన లేకుండా వెళితే మనవరాలికి అవి టూరిస్టు ఫోటోలు మాత్రమే.

రైలు తిరిగి దుర్గ్ చేరేసరికి రాత్రవుతుంది. ఆటోలో కూర్చున్నాక తాత ఫోన్ చేసి విజయనగరంలోని చుట్టాలకు ఒక మాట చెబుతాడు: 'ఇంటికి వచ్చేశాం.' ఊరి నుంచి ఇంటికి. ఆ రెండు మాటలూ వేరని ఆయనకు తెలియకుండానే ఆయన నోటే వచ్చింది.